షిప్ ఆగేది 8 గంటలే: కటాకోలోలో దిగి ఒలింపియా శిథిలాలు సొంతంగా చూడటం ఎలా?

క్రూజ్ సిరీస్‌లో పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, షిప్ వాళ్ళు అమ్మే టూర్ కొనకుండా మనంతట మనమే దిగి చూసి రావచ్చా? ఆలస్యమైతే షిప్ వెళ్ళిపోతుందా?" మొదటిదానికి జవాబు: రావచ్చు. రెండోదానికి జవాబు: వెళ్ళిపోతుంది. నిజంగానే వెళ్ళిపోతుంది. ఈ రెండు జవాబుల మధ్య ఉన్నదంతా ఇవాళ మాట్లాడుకుందాం.

ఉదాహరణకి గ్రీస్‌లో కటాకోలో అనే రేవు తీసుకుంటున్నాను. చిన్న ఊరు. ఒక వీధి, ఆ వీధి నిండా చెప్పులు, టోపీలు, ఆలివ్ నూనె అమ్మే కొట్లు, సముద్రం పక్కన నాలుగు హోటళ్ళు. అంత చిన్న ఊరికి అంతంత పెద్ద షిప్పులు ఎందుకొస్తాయంటే ఒకే కారణం. అక్కడికి సుమారు 35-40 కిలోమీటర్ల దూరంలో ఒలింపియా ఉంది. ఒలింపిక్స్ పుట్టిన చోటు. టీవీలో కొండ మీద తెల్లటి గుడి కనిపిస్తుందే, అది ఏథెన్స్, అది వేరే ఊరు. ఆటలు జరిగింది ఇక్కడ, రెండు నదుల మధ్య, చెట్ల నీడలో.

నేను వెళ్ళింది మా నాన్నతో. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు, మాది పల్నాడు. మోకాళ్ళు కొంచెం ఇబ్బంది పెడతాయి కాబట్టి ఆయన నడక వేగాన్ని బట్టే నేను ప్లాన్ వేసుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఈ లెక్కలు ఇంకా బాగా పనికొస్తాయి.

ముందు షిప్ టూర్ గురించి న్యాయంగా మాట్లాడుకోవాలి. "అదంతా దోపిడీ" అని కొట్టిపారేసే వీడియోలు చాలా ఉన్నాయి. నేను అలా అనను. షిప్ టూర్‌లో మీరు కొంటున్నది బస్సు, గైడు మాత్రమే కాదు. షిప్ వాళ్ళే నడిపే టూర్ బస్సు దారిలో ఆగిపోతే షిప్ ఆ బస్సు కోసం ఆగుతుంది, లేదంటే మిమ్మల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్ళు తీసుకుంటారు. మీ అంతట మీరు వెళ్ళి ఇరుక్కుంటే ఆ బాధ్యత మీదే. అంటే ఆ డబ్బులో కొంత భాగం ఇన్సూరెన్స్ అన్నమాట. షిప్ ఆగేది ఐదారు గంటలే అయినా, చూడాల్సిన చోటు రెండు గంటల ప్రయాణమైనా, నేనే షిప్ టూర్ తీసుకోమంటాను.

కటాకోలో విషయం వేరు. షిప్ నేరుగా రేవు గట్టుకే ఆనుతుంది, చిన్న పడవల్లో దిగే తంతు లేదు. ఒలింపియా ముప్పావు గంట దూరం. దారి చాలా భాగం చదును, పొలాల మధ్యగా. పైగా ఒలింపియాలో గ్రూపుతో వెళ్తే అసలు మజా పోతుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు టైమ్ లెక్క. ఇది ముందునుంచి వెనక్కి కాదు, వెనకనుంచి ముందుకి వేయాలి. షిప్ సాయంత్రం 4కి కదులుతుందనుకోండి. మీరు ఎక్కాల్సిన ఆఖరి టైమ్ సాధారణంగా అరగంట ముందు, అంటే 3.30. దాన్ని నేను అసలు లెక్కలోకే తీసుకోను. 2.30కల్లా రేవులో ఉండాలని పెట్టుకుంటాను. అంటే ఒలింపియాలో 1.30కి బండి ఎక్కాలి. అంటే 1.10కి మ్యూజియం నుంచి బయట పడాలి. ఇక పొద్దున షిప్ 8కి ఆగితే, తలుపులు తెరిచి మనం కింద దిగేసరికి 8.30 అవుతుంది, బండి దొరికి ఒలింపియా చేరేసరికి 9.45. మీ చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలు. మొత్తం ట్రిప్ ఇంతే. మిగతావన్నీ ఈ ముక్కలోనే సర్దాలి.

ఇక్కడ ఫోన్ మిమ్మల్ని మోసం చేసే అవకాశం ఉంది, జాగ్రత్తగా వినండి. గ్రీస్ టైమ్ ఇటలీ కంటే గంట ముందు ఉంటుంది. ఈ క్రూజులు చాలావరకు ఇటలీ రేవుల నుంచే బయల్దేరతాయి. కొన్ని షిప్పులు దారిలో గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు. ఫోన్ మాత్రం దొరికిన టవర్‌ని బట్టి తనంతట తనే టైమ్ మార్చేసుకుంటుంది. అంటే షిప్ గోడ మీద ఒక టైమ్, మీ చేతిలో ఇంకో టైమ్. ముందురోజు రాత్రి గదిలోకి వచ్చే కాగితంలో, లేదా షిప్ యాప్‌లో, "రేపు షిప్ టైమ్ ఇది" అని రాస్తారు. దాన్ని చూసి ఒక మామూలు చేతి గడియారాన్ని షిప్ టైమ్‌కి పెట్టుకోండి. నాన్న చేతికి పాత కీ ఇచ్చే వాచీ ఉంది, ఆరోజంతా మాకు అదే దిక్కు.

ఇంకోటి. షిప్ సముద్రంలో ఉన్నప్పుడు ఫోన్ షిప్ సొంత నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు గుండె ఆగేలా వస్తుంది. మన దగ్గర కొనుక్కునే మామూలు రోమింగ్ ప్యాకుల్లో చాలావాటికి అది వర్తించదు. కాబట్టి షిప్‌లో ఉన్నంతసేపూ ఎయిర్‌ప్లేన్ మోడ్. గట్టు మీద దిగాక తీయండి. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. టికెట్టు, రేవు పేరు, షిప్ ఎక్కాల్సిన ఆఖరి టైమ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అదే కాగితంలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబర్ ఉంటుంది. దాన్ని ఫోటో తీయడమే కాదు, చేత్తో ఒక చీటీ మీద కూడా రాసుకోండి. ఫోన్ చచ్చిపోతే ఆ చీటీయే ఆధారం. షిప్ మనని వదిలి వెళ్ళిపోయినా మొదట ఫోన్ చేయాల్సింది ఆయనకే.

ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట. గ్రీస్ షెంగెన్ దేశం. ఈ క్రూజులు మధ్యలో టర్కీ రేవు దగ్గర ఆగాయంటే మీరు షెంగెన్ నుంచి బయటకి వెళ్ళి మళ్ళీ లోపలికి వస్తున్నట్టు లెక్క. కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీదే ఉండాలి. కొన్ని షిప్పుల్లో పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు, అప్పుడు మీ దగ్గర ఫోటోకాపీ అయినా ఉండాలి.

రేవు నుంచి ఒలింపియాకి మూడు దారులు. టాక్సీ, ప్రైవేట్ బస్సు, రైలు. టాక్సీ వాళ్ళు గేటు బయటే ఉంటారు. ఎక్కకముందే రానుపోను ఎంత, అక్కడ ఎన్ని గంటలు ఆగుతారు అనేది మాట్లాడుకోండి. నలుగురు ఉంటే తలకి పడేది బాగానే ఉంటుంది. బస్సులైతే రానుపోను టికెట్ కలిపి అమ్ముతారు, తిరుగు బస్సు ఎన్నింటికో టికెట్ మీద రాయించుకోండి. రైలు నాకు ఇష్టం. కటాకోలో నుంచి పిర్గోస్ దాకా ఉన్న లైను 1883 నాటిది, గ్రీస్‌లో పాత లైన్లలో ఒకటి. చిన్న గేజు, రెండు మూడు పెట్టెలు, కిటికీ పక్కనుంచి ఆలివ్ తోటలు. కానీ ఒక చిక్కుంది. ఈ రైలు షిప్పులు వచ్చే రోజుల్ని బట్టి నడుస్తుంది, కొన్ని కాలాల్లో అసలు నడవదు. మీరు వెళ్ళే నెలకి అది నడుస్తోందో లేదో చూసుకోండి. రైలు మీదే మొత్తం ఆశ పెట్టుకోవద్దు.

టికెట్టు గ్రీస్ ప్రభుత్వ ఈ-టికెట్ వెబ్‌సైట్‌లో ముందే కొనవచ్చు. ఒకే టికెట్‌తో శిథిలాలూ మ్యూజియమూ రెండూ చూడవచ్చు. ధరలు ఈమధ్య మారాయి కాబట్టి నేను అంకె చెప్పను, ఆ వెబ్‌సైట్‌లోనే చూడండి. వేసవిలో పొద్దున 8కే తెరుస్తారు. సంవత్సరంలో కొన్ని రోజులు మూసేస్తారు: జనవరి 1, మార్చి 25, మే 1, వాళ్ళ ఈస్టర్ ఆదివారం, డిసెంబర్ 25, 26. షిప్ సరిగ్గా ఆరోజే ఆగితే గేటు బయటినుంచి చూడాల్సిందే.

సరే, లోపలికి వచ్చాం. ఇప్పుడు అసలు సమస్య. లోపల మొదటి పది నిమిషాలు మీకు రాళ్ళే కనిపిస్తాయి. నాన్న కూడా గేటు దాటాక నడుం మీద చేతులు పెట్టుకుని, "ఒరేయ్, ఇన్ని వేల రూపాయలు పోసి రాళ్ళు చూడటానికి తెచ్చావా?" అన్నారు. తప్పేం లేదు. ఒలింపియాలో నిలబడి ఉన్నవి తక్కువ, పడిపోయినవి ఎక్కువ. గైడు గ్రూపు ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగి, ఒక పేరు చెప్పి, జెండా ఊపి ముందుకు పోతుంది. ఇరవై పేర్లు వింటారు, ఒక్కటీ గుర్తుండదు. మనంతట మనం వెళ్తే ఐదే ఐదు చోట్లు ఎంచుకుని ఒక్కోచోట పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. సొంతంగా వెళ్ళడంలో నిజమైన లాభం ఇదీ, డబ్బు మిగలడం కాదు. నేను ఎంచుకున్న ఐదూ చెప్తాను.

మొదటిది ఫిడియాస్ వర్క్‌షాప్. గేటు నుంచి వస్తుంటే పలేస్త్రా అనే కుస్తీ ప్రాంగణం స్తంభాలు కనిపిస్తాయి, అది దాటగానే ఇటుక గోడల కట్టడం. చాలామంది దీన్ని దాటుకుని వెళ్ళిపోతారు. ప్రపంచ ఏడు వింతల్లో ఒకటైన జ్యూస్ విగ్రహం, బంగారం, ఏనుగు దంతంతో సుమారు 12 మీటర్ల ఎత్తు, తయారైంది ఈ గదిలో. గుడి లోపలి గది కొలతలకి సరిపోయేట్టు ఈ వర్క్‌షాప్ కట్టారు, ఎందుకంటే విగ్రహం లోపల ఎలా ఇముడుతుందో ఇక్కడే చూసుకోవాలి కదా. ఇది ఫిడియాస్ వర్క్‌షాపే అని ఎలా తెలుసంటారా? తవ్వకాల్లో మట్టి అచ్చులు, పనిముట్లు దొరికాయి. ఒక చిన్న నల్ల కప్పు కూడా దొరికింది, దాని అడుగున "నేను ఫిడియాస్‌ది" అనే అర్థం వచ్చే అక్షరాలు గీకి ఉన్నాయి. మన ఇళ్ళల్లో స్టీలు గ్లాసుల మీద పేర్లు కొట్టించినట్టు! ఆ కప్పు మ్యూజియంలో ఉంది, తర్వాత చూడవచ్చు. విగ్రహం మాత్రం లేదు. కాన్‌స్టాంటినోపుల్‌కి తీసుకెళ్ళారని, అక్కడ అగ్నిప్రమాదంలో పోయిందని చెబుతారు. విగ్రహం పోయింది, చేసినవాడు తాగిన కప్పు మిగిలింది. వర్క్‌షాప్ గోడలు ఇంతగా మిగలడానికి కారణం, తర్వాతి కాలంలో దాన్ని చర్చిగా మార్చుకున్నారు.

రెండోది జ్యూస్ గుడి. క్రీ.పూ. 470-457 మధ్య కట్టారు, శిల్పి పేరు లిబోన్, ఈ ప్రాంతంవాడే. పొడవు 64 మీటర్లు, వెడల్పు సుమారు 28. ముందు 6 స్తంభాలు, పక్కన 13. ఇప్పుడు నిలబడి ఉన్నది ఒక్కటే, అది కూడా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సందర్భంగా తిరిగి నిలబెట్టింది. మిగతావి క్రీ.శ. 6వ శతాబ్దంలో వచ్చిన భూకంపాలకి పడిపోయాయి. పడిన తీరు చూడాలి. ఒక్కో స్తంభం గుండ్రటి రాళ్ళు పేర్చి కట్టింది, అది పక్కకి ఒరిగి, ఇడ్లీల దొంతర జారినట్టు వరసగా పరుచుకుని ఉంది. దక్షిణం వైపు వెళ్తే పడినవి పడినట్టే ఉన్నాయి. దగ్గరికెళ్ళి, ముట్టుకోకుండా, ఆ రాయిని చూడండి. లోపల గవ్వలు, చిప్పలు కనిపిస్తాయి. ఇది పాలరాయి కాదు, ఈ చుట్టుపక్కల దొరికే గవ్వల సున్నపురాయి. దానిమీద తెల్లగా సున్నపు పూత వేసి పాలరాయిలా మెరిపించారు. మన పల్లెల్లో మట్టిగోడకి వెల్ల వేసినట్టే. నాన్న ఇక్కడే మొదటిసారి రాళ్ళ మాట మానేసి వంగి గవ్వలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, చూడటానికి మాత్రం ఏమీ ఉండదు. స్టేడియంలోకి వెళ్ళే దారిలో, ఎడమపక్కన మెట్టు కింద, వరసగా 16 రాతి పీఠాలు. పైన ఏమీ లేవు. ఒకప్పుడు వాటి మీద జ్యూస్ కంచు విగ్రహాలు ఉండేవి, వాటిని జానెస్ అనేవారు. ఆటల్లో మోసం చేసి దొరికినవాళ్ళ జరిమానా డబ్బుతో చేయించినవి అవి.

మొదటి కేసు క్రీ.పూ. 388 నాటిది. థెస్సలీకి చెందిన యూపోలస్ అనే బాక్సర్ తనతో తలపడే ముగ్గురికి లంచం ఇచ్చాడు. ఇచ్చినవాడికీ, తీసుకున్నవాళ్ళకీ అందరికీ జరిమానా వేశారు. ఆ డబ్బుతో ఆరు విగ్రహాలు. ఎవడు ఎందుకు కట్టాడో పీఠం మీద రాయించారు. డబ్బుతో కాదు, కాళ్ళ వేగంతో, ఒంటి బలంతో గెలవాలి అనే అర్థంలో హెచ్చరిక కూడా చెక్కించారు. తర్వాత క్రీ.పూ. 332లో ఏథెన్స్ వాడు కల్లిప్పస్ ఐదు ఆటల పోటీలో ప్రత్యర్థుల్ని కొన్నాడు, ఇంకో ఆరు విగ్రహాలు. ఇంకో జరిమానా కథ ఉంది, నవ్వొస్తుంది. అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన సరాపియాన్ అనే మల్లుడు ప్రత్యర్థుల్ని చూసి భయపడి, పోటీకి ముందురోజు పారిపోయాడు. పిరికితనానికి జరిమానా! అలాంటి శిక్ష పడింది అతనొక్కడికే అంటారు.

విగ్రహాలు పెట్టిన చోటు గమనించండి. ఏ ఆటగాడైనా మైదానంలోకి అడుగు పెట్టే ముందు ఆఖరుగా దాటాల్సింది ఈ వరసనే. గుడి ముందు పెట్టొచ్చు, ఊళ్ళో పెట్టొచ్చు. కానీ గుండె దడదడలాడే ఆ నిమిషంలో, కళ్ళ ముందు మోసగాళ్ళ పేర్లు. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డారు. జిల్లా స్థాయి ఆటల్లో వయసు సర్టిఫికెట్లు దిద్ది పెద్ద పిల్లల్ని చిన్నవాళ్ళ పోటీలో దింపేవాళ్ళని ఆయన సర్వీసంతా చూశారట. "మనవాళ్ళు కూడా ఇలా పెడితే పీఠాలకి రాయి చాలదురా" అన్నారు. ఇంకో సంగతి చెప్తే ఇంకా ఆశ్చర్యపోయారు. పోటీలకి ముందు ఆటగాళ్ళు జ్యూస్ విగ్రహం ముందు, పంది మాంసం ముక్కల మీద, మోసం చేయమని ప్రమాణం చేసేవాళ్ళు. వాళ్ళు మాత్రమే కాదు, వాళ్ళ తండ్రులు, అన్నదమ్ములు, శిక్షకులు కూడా. పది నెలలు పద్ధతిగా సాధన చేశామని కూడా ఆటగాళ్ళు ఒట్టు వేయాలి. మోసం అనేది ఒక్కడు చేసేది కాదని వాళ్ళకి 2,400 ఏళ్ళ కిందే తెలుసు.

అలాగని అంతా ధర్మంగా జరిగిందనుకోకండి. క్రీ.శ. 67లో రోమ్ చక్రవర్తి నీరో వచ్చాడు. ఆయన వీలు కోసం ఆటలే వాయిదా వేశారు. పది గుర్రాల రథం తోలుతూ కింద పడ్డాడు, పందెం పూర్తి చేయలేదు, అయినా ఆయనే గెలిచాడన్నారు. ఆయన చచ్చాక ఆ గెలుపు రద్దు చేశారు. నీరోకి మాత్రం పీఠం లేదు.

నాలుగోది స్టేడియం. జానెస్ పక్కనుంచి రాతి కమాను కింద నడిచి లోపలికి వెళ్తారు. ఆ కమాను చిన్నది, చల్లగా ఉంటుంది, అవతల ఒక్కసారిగా వెలుగు. లోపల చూస్తే, గడ్డి గట్లు, మధ్యలో మట్టి నేల. అంతే. సుమారు 45,000 మంది పట్టేవారని అంచనా, అందరూ గట్టు మీద నేల మీదే కూర్చునేవారు. రాతి ఆసనాలు న్యాయనిర్ణేతలకి మాత్రమే. ఎదురుగా ఒక రాతి పీఠం ఉంటుంది, అది డిమీటర్ దేవత పూజారిణిది. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఆటలు చూసే హక్కు లేని రోజుల్లో ఆమె ఒక్కతే అక్కడ కూర్చునేది. మా అనుపులో, అదే నాగార్జునకొండ నుంచి తెచ్చి మళ్ళీ కట్టిన ఆట మైదానానికి చుట్టూ మెట్లున్నాయి, "మనదే నయం, కూర్చోడానికి మెట్లైనా ఉన్నాయి" అన్నారు నాన్న.

కమాను దాటగానే నేల మీద అడ్డంగా తెల్లటి రాతి పట్టీ. దాంట్లో రెండు సన్నటి గాడులు. అదే పరుగు మొదలయ్యే గీత. కాలి వేళ్ళు ఆ గాడుల్లో ఆనించి, ఒక కాలు ముందు, ఒక కాలు కాస్త వెనక, నిలబడే పరుగు తీసేవాళ్ళు. ఇప్పట్లా వంగి కూర్చోవడం లేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకి సుమారు 192 మీటర్లు. క్రీ.పూ. 776లో మొదటి పోటీ జరిగిందని చెప్పుకుంటారు, గెలిచినవాడు కొరోయిబస్ అనే వంటవాడు. మొదట్లో చాలా ఏళ్ళు ఇదొక్కటే పోటీ.

నాన్న చెప్పులు విప్పి ఆ గాడి దగ్గర నిలబడ్డారు. నలభై ఏళ్ళు సున్నంతో గీతలు గీసిన మనిషి. పక్కన ఎవరో విదేశీ కుర్రాళ్ళు వంగి పొజిషన్ తీసుకుంటుంటే, చేత్తో ఆపి, కాళ్ళు ఎలా పెట్టాలో చూపించారు. ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క, "స్టాండింగ్, స్టాండింగ్". వాళ్ళు అలాగే పరిగెత్తారు. విజిల్ మాత్రం వేయలేదు, ఎందుకంటే ఇక్కడ విజిల్ వేసేది కాపలా వాళ్ళు, ఎవరైనా రాళ్ళెక్కితే. ముందే పరుగు తీసినవాణ్ణి అప్పట్లో బెత్తంతో కొట్టేవాళ్ళని చెప్తే ఆయనకి మహా సంతోషం. ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నాం. ఆ సేపట్లో మూడు గ్రూపులు వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాయి. 2004లో షాట్‌పుట్ పోటీలు ఇక్కడే పెట్టారు, అందుకోసం కూడా కొత్త గ్యాలరీలు కట్టలేదు, జనం గడ్డి మీదే కూర్చున్నారు.

స్టేడియంలో నీడ ఉండదు. టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి. మిగతా చోట చెట్లున్నాయి, నేల కూడా దాదాపు చదును. ఏథెన్స్ కొండ ఎక్కలేని పెద్దవాళ్ళు ఇక్కడ హాయిగా తిరగవచ్చు.

ఐదోది తిరిగి వచ్చేటప్పుడు హేరా గుడి. జ్యూస్ గుడికన్నా పాతది, క్రీ.పూ. 600 ప్రాంతం. దీని స్తంభాలు ఒకదానికొకటి పోలికే ఉండదు. ఒకటి లావు, ఒకటి సన్నం, పైతలల ఆకారాలు వేరు. మొదట అన్నీ చెక్క స్తంభాలే. ఒక్కోటి పాడైనప్పుడల్లా ఆ కాలపు పద్ధతిలో రాతిది పెట్టుకుంటూ వచ్చారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో పౌసానియస్ అనే ఆయన గ్రీసంతా తిరిగి చూసింది చూసినట్టు రాశాడు, ఆ కాలపు ట్రావెల్ వ్లాగర్ అనుకోండి. ఆయన వచ్చేసరికి ఇంకా ఒక ఓక్ చెక్క స్తంభం మిగిలే ఉందట. ఈ గుడిలోనే ప్రాక్సిటెలిస్ చేసిన హెర్మిస్ విగ్రహం ఉందని కూడా రాశాడు. 1877లో జర్మన్లు తవ్వితే అలాంటి విగ్రహం ఆ గుడిలోనే దొరికింది. ఇందాక చెప్పిన జరిమానాల కథలు, పారిపోయిన మల్లుడి కథ కూడా మనదాకా వచ్చింది ఆయన రాతల వల్లే.

ఒలింపిక్ జ్యోతి వెలిగించేది ఈ గుడి ముందే, గుంట అద్దంతో ఎండని పట్టి. కానీ జ్యోతిని చేతులు మారుస్తూ ఊరూరా తీసుకెళ్ళడం ప్రాచీన గ్రీకుల ఒలింపిక్స్‌లో లేదు. అది 1936 బెర్లిన్ ఆటలతో మొదలైంది.

ఇక మ్యూజియం. కొందరు ముందు మ్యూజియం చూడమంటారు. నా లెక్కలో శిథిలాలే ముందు, ఎండ ముదరకముందే. 12 తర్వాత ఏసీలోకి వెళ్ళండి. గంట చాలు. లోపల నాలుగే చూడండి: జ్యూస్ గుడి నుదుటి మీద ఉన్న శిల్పాలు, హెర్మిస్, ఫిడియాస్ కప్పు, మారథాన్ యుద్ధంలో ఏథెన్స్ సేనాధిపతి మిల్టియాడిస్ గుడికి సమర్పించిన కంచు శిరస్త్రాణం, అంచు మీద ఆయన పేరు ఉంటుంది. ఫ్లాష్ వద్దు. విగ్రహాల పక్కన నిలబడి వెక్కిరింపు పోజులు పెడితే కాపలా వాళ్ళు వచ్చి ఆపుతారు. రీల్స్ చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. బయట గులకరాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు, అది నేరం.

మేము 1.10కి బయటపడి, 2.30 కన్నా కాస్త ముందే రేవు చేరాం. మిగిలిన సేపు గట్టు పక్కన హోటల్లో కాఫీ తాగుతూ షిప్ ఎదురుగా కూర్చున్నాం. షిప్ కనిపించే చోట కూర్చున్న గంట వృథా అనుకోకండి. 3.20కి ఒక జంట టాక్సీ దిగి ఆ రేవు పొడవునా పరిగెత్తారు. అందారు. అందకపోతే ఏమయ్యేదంటే, అక్కడినుంచి ఏథెన్స్ 300 కిలోమీటర్లకి పైమాటే, తర్వాతి రేవు ఏ దీవో అయితే అక్కడికి విమానమో పడవో, రాత్రి హోటలు, అంతా సొంత ఖర్చు. అలాంటప్పుడు చీటీ మీద నంబర్‌కి ఫోన్ చేయండి. మీరు రాలేదని తెలిస్తే కొన్నిసార్లు షిప్ వాళ్ళు మీ గదిలోంచి పాస్‌పోర్ట్ తీసి ఏజెంట్‌కి ఇచ్చి వెళ్తారు, ముందు అది అడగండి.

వచ్చే ఎపిసోడ్ మైకొనోస్ నుంచి డెలోస్ దీవి. అక్కడ ఎవరినీ రాత్రి ఉండనివ్వరు, తిరుగు పడవ టైమ్ ఇంకా గట్టిగా పట్టుకోవాలి. మీ షిప్ ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతోందో కామెంట్‌లో రాయండి, లెక్క వేసి చెప్తాను. ఉంటానండి.